వావిలాకు వాసన వెంట

మదనపల్లెకు రైల్లో వెళ్దామనుకునేవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. తిరుపతిలో ఎక్కితే పాకాల, పీలేరు దాటాక ‘మదనపల్లె రోడ్’ అన్న బోర్డు వస్తుంది. హుషారుగా దిగుతారు. దిగి చూస్తే ఊరుండదు, రోడ్డుంటుంది. బోర్డు మీద ఉన్నమాటే రాశారు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేం. ఆ స్టేషను సి.టి.ఎం. అనే ఊరిది, మదనపల్లెకు అక్కణ్ణించి మళ్లీ ఒక ప్రయాణం. నేను ప్లాట్‌ఫారం మీద దిక్కులు చూస్తుంటే పాలక్యాను పట్టుకున్న పెద్దాయన ఒకరు “యాడికి పోవాల నాయనా?” అని అడిగి, నా జవాబు వినకుండానే షేర్ ఆటో వైపు చెయ్యి చూపించాడు. రోజూ ఎవరో ఒకరికి చూపిస్తూనే ఉంటాడనుకుంటాను.

మా కాకినాడలో జులై అంటే చొక్కా వీపుకు అంటుకుపోయే నెల. ఇక్కడ ఆటోలో కూర్చుంటే చలేసింది. ఊరు సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంది, గాలి పొడిగా ఉంటుంది. అటు చూస్తే హార్స్‌లీ కొండలు. వాటి మీద నీలగిరి చెట్లు, మా వైపు జామాయిల్ అంటాం. కరోనా రోజుల్లో ఆ ఆకు కోసుకొచ్చి ఆవిరి పట్టారని ఆటో అబ్బాయి చెప్పాడు. నేను అడగలేదు. కొండ పేరడిగితే మందు పేరు చెప్పాడు. మంచి శకునమనిపించింది, నేను బయల్దేరింది అందుకే మరి.

2020లో మా ఇంట్లో కషాయమంటే కొరియర్‌లో వచ్చిన పొట్లం. నీళ్లలో వేసి మరిగించడం, ముక్కు మూసుకుని తాగడం. అందులో ఏమున్నాయో పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. ఎవరూ చదివిన పాపాన పోలేదు. కొరియరు రాని చోట, చేతిలో డబ్బాడని ఇళ్లలో, షుగరూ ఆయాసమూ ఉన్న ముసలివాళ్లు, రోజూ మాత్ర మింగితే తప్ప గడవనివాళ్లు అప్పుడేం చేశారో వినాలని ఉండేది. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా వెళ్లు, ఊరు మారేకొద్దీ యాసా మారుతుంది, మందూ మారుతుంది అని ఒక మిత్రుడు ఊరించాడు.

తప్పిపోవడానికి మదనపల్లెలో నీరుగట్టువారిపల్లెను మించిన చోటు లేదు. ఒక పక్క టమాటా మార్కెట్ యార్డు. 2023 జులైలో కిలో దాదాపు 200 రూపాయలు పలికినప్పుడు దేశమంతా పత్రికల్లో పేరు చదివింది ఈ యార్డుదే. క్రేట్ల మీద క్రేట్లు, లారీల మీద లారీలు, కాళ్ల కింద ఎర్రటి రసం. మా వైపు టమాటాను నొక్కి నొక్కి ఏరుకుంటాం. ఇక్కడ అంత తీరిక ఎవరికీ లేదు. ఇంకో పక్క పట్టుమగ్గాల సందులు. ఆకులమ్మే అవ్వ ఒకామె ఉందని విని వెతకబోతే, అడిగినవాళ్లంతా “ఆ పక్క సందే” అన్నారు. ఏ పక్కకు తిరిగినా ఆ పక్క మరొకటి ఉంది. చివరికి అవ్వ దొరకలేదు గానీ, మగ్గం చప్పుడు ఆపి మంచినీళ్లిచ్చిన ఒక ఇల్లు దొరికింది.

“మగ్గం నిలిచిపాయ. పట్టు రాదు, చీర పోదు. మా అత్తకు షుగరు, మామకు ఆయాసం. ఆస్పత్రికి పోతే యాడికో ఎత్తుకోని పోతారని భయం. ఇంగేం చేస్తాం, చేతికి అందిండేది కాంచుకోని తాగితిమి” అంది ఆ ఇంటి కోడలు. అందినది తిప్పతీగ. వేపచెట్టుకు అల్లుకుంటే అది మేలు రకమట. బొటనవేలంత ముక్కలు కోసి, నలగ్గొట్టి, తులసి, సొంఠి, మిరియాలు వేసి మూడు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా కాచడం. ఇంతవరకూ ఇద్దరిదీ ఒకటే మాట. బెల్లం దగ్గర తేడా వచ్చింది. బెల్లమేస్తే మందు చచ్చిపోతుందని అత్త, వెయ్యకపోతే తాగేవాడు చచ్చిపోతాడని కోడలు. ఆ తగువు లాక్‌డౌన్‌లో మొదలై ఇంకా నడుస్తోంది. 2020 మార్చి ఆఖర్న కేంద్ర ఆయుష్ శాఖ చెప్పిన కషాయంలోనూ తులసి, దాల్చినచెక్క, సొంఠి, మిరియాలే ఉన్నాయనీ, బెల్లం కావలిస్తే వేసుకోమన్నారనీ నేను తీర్పు చెప్పబోయాను. ఆ శాఖ కూడా అది ఒంటి బలానికి అంది గానీ కరోనా తగ్గుతుందనలేదు. కోడలు గెలిచినట్టు చూసింది. అత్త మాత్రం “షుగరుండేది వాళ్లకా నాకా?” అని ఒక్క ప్రశ్నతో కేసు కొట్టేసింది.

నాకూ ఒక లోటాలో ఇచ్చారు, అత్త పద్ధతిలో. వేపపువ్వు పచ్చడి తిని పెరిగినవాణ్ణే, అయినా ఇది వేరే చేదు. నాలుక మీద ఆగదు, చెవుల దాకా పోతుంది. మధ్యాహ్నం సంగటి తినేదాకా అలాగే ఉంది.

సంగటి గురించి ఇక్కడే చెప్పేస్తాను. మా వైపు అన్నాన్ని కలుపుతాం, పిసుకుతాం, ముద్ద చేస్తాం. ఇక్కడ ముద్ద చేసే తెచ్చిపెడతారు, నల్లగా, పొగలు కక్కుతూ. పక్కన చెనిక్కాయల ఊరుబిండి, ఉలవల చారు. నేను శ్రద్ధగా నములుతుంటే వడ్డించే అతను నిలబడి చూసి చూసి, “నమలగూడదు సామీ, మింగాల” అన్నాడు. మింగాను. నిజమే, దిగిపోయింది. సాయంత్రం దాకా ఆకలి ఊసు లేదు. లాక్‌డౌన్‌లో రేషన్ బియ్యం కంటే ఇంట్లో ఉన్న రాగిపిండే తమను నిలబెట్టిందని ఆయన అన్నాడు. కషాయాల గురించి అడిగితే “అది మందు, ఇది తిండి. తిండి ఉంటే మందు పని చేస్తుంది” అన్నాడు. ఈ యాత్రలో విన్న వైద్యంలో నాకు బాగా నచ్చింది ఇదే.

మదనపల్లెలో చూడవలసింది బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ. 1915లో పెట్టారు. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు ఇక్కడ బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తెచ్చారు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం కూర్చారు. ఇది అందరికీ తెలిసిందే, కాలేజీలో ఎవరినడిగినా చెబుతారు. తక్కువమందికి తెలిసిన ముక్క ఇంకొకటుంది. అప్పటికి ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊడ్చేస్తోంది. మన దేశంలోనే కోటికి పైగా ప్రాణాలు తీసింది. ఇక్కడికి రావడానికి కొన్ని వారాల ముందే ఠాగూరు జగదీశ్‌చంద్ర బోసుకు ఉత్తరం రాస్తూ, శాంతినికేతన్ పిల్లలకు పంచతిక్త పాచనం తాగిస్తున్నాననీ, వాళ్లకు జబ్బు అంటలేదనీ చెప్పారు. ఐదు చేదుల కషాయం అది. వేప, తిప్పతీగ, వావిలి అందులోవే. అంటే నీరుగట్టువారిపల్లె అత్తగారూ మహాకవీ ఒకే లోటా ఎత్తారన్నమాట. అయితే ఊరికి దూరంగా ఉన్న బడిలో పిల్లలు జబ్బు పడకపోవడానికి కషాయమే కారణమని చెప్పలేం. దూరం కూడా ఒక మందే. దాని విలువ మనకు 2020లో బాగానే తెలిసొచ్చింది.

గాలి సంగతి చెప్పాను కదా. ఆ గాలిని నమ్ముకునే ఊరి పక్క ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి వెలిసింది. దాన్ని నడిపించిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ డెన్మార్క్ దేశస్థుడు. అప్పటికి క్షయకు మందు లేదు. గాలి, ఎండ, పాలు, గుడ్లు, విశ్రాంతి, అంతే వైద్యం. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 2020లో బి.సి.జి. వేసుకున్నవాళ్లకు కరోనా రాదట అని ఒక ప్రచారం పుట్టినప్పుడు ఈ ఊరివాళ్లు కాస్త మీసం మెలేసి ఉంటారు. ఆ ప్రచారం నిలబడలేదు. ఆవరణ మాత్రం ఇప్పటికీ చెట్ల నీడలో చల్లగా ఉంది. గేటు దగ్గర బెంచీ మీద మందుల కవరు పట్టుకుని కూర్చున్నవాళ్లను చూస్తే, మహమ్మారి అనే మాట లేకుండానే ఏటా ఎంతమంది ఊపిరితిత్తులతో పోరాడుతున్నారో గుర్తొస్తుంది.

పుంగనూరు బస్సులో గంట కూడా పట్టదు. దారి పొడుగునా చింతచెట్లు, బండరాళ్లు, మామిడి తోటలు. కాలువలూ కొబ్బరిచెట్లూ చూసిన కళ్లకు ఇంత రాయి ఒక్కచోట ఎలా పోగుపడిందా అనిపిస్తుంది. ఊళ్లో దిగగానే ఆవును చూడాలని నా తొందర. పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ ఉంటుంది. ఆవు ముందు నిలబడి కిందికి చూడవలసి రావడం వింత అనుభవం. అది మనల్ని చూసే చూపులో మాత్రం గిత్తకుండే ధీమా ఉంటుంది. జాతి అంతరించిపోకుండా పలమనేరు పశు పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా కాపాడుకొస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక ధర అందనంత ఎత్తుకు పోయింది. ఆవు ఎత్తు మాత్రం పెరగలేదు.

ఈ ఊళ్లో నాకు తోడొచ్చింది ఒక ఆశా కార్యకర్త. యాభై ఏళ్లుంటాయి, నడక మాత్రం నన్ను పరుగెత్తించింది. పడుకునే ముందు పసుపు పాలు తాగమని టీవీలో చెప్పేవాళ్లు కదా, ఇక్కడ తాగారా అని అడిగాను. “పసుపు ఉండాది సార్, పాలు యాడివి?” అంది. ఉన్న పాలు కేంద్రానికి పోస్తే వచ్చే డబ్బుతోనే ఇల్లు గడవాలి.

మొదటి ఏడాది జ్వరమొస్తే ఎవరూ చెప్పేవాళ్లు కాదట. చెబితే క్వారంటైన్, ఇంటి ముందు కంచె, వీధంతా చూపులు. కూలి పనికి ఇక ఎవరూ పిలవరు. ఈమె సర్వేకు వెళ్తే అందరూ నవ్వుతూ “బాగుండామమ్మా” అనేవాళ్లు. మరి ఎలా కనిపెట్టేవారంటే, తన ముక్కు చూపించింది. ఏ ఇంట్లోంచి వావిలాకు ఆవిరి వాసన వస్తే ఆ ఇంట్లో జ్వరమున్నట్టు. వాసనొచ్చిన ఇంటి ముందు నిలబడి గొంతు తగ్గించి, “ఎవరికమ్మా?” అని ఒక్క మాట. అప్పుడు చెప్పేవాళ్లు. దాచడానికి వాడిన ఆకే గుట్టు బయటపెట్టింది. నేనైతే ఆ వాసన గుర్తుపట్టలేను. దోవ పక్క పొద నుంచి రెండాకులు తుంచి నలిపి నా చేతిలో పెట్టింది. ఘాటుగా, కొంచెం మిరియాల వాసన. సాయంత్రం దాకా వేళ్లను వదల్లేదు.

ఆకును ఆమె తప్పు పట్టదు. ఒళ్లునొప్పులకు తనూ వావిలాకు నీళ్లే పోసుకుంటుంది. “ఆవిరి పట్టండి, కషాయం తాగండి, వద్దనను. కానీ వేలికి తగిలించే మిషన్లో 94 కన్నా తగ్గితే ఇంగ ఆకు మాట ఎత్తొద్దండి, ఆంబులెన్సే అని మొత్తుకుంటిని” అంది. రెండో అలలో ఆ మాట విన్నవాళ్లున్నారు, విననివాళ్లున్నారు. బస్సులు నిలిచిపోయిన నెలల్లో ఆమెకు అసలు భయం రోజూ మాత్రలు మింగేవాళ్ల గురించి. టీబీవాళ్లు, హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లు, షుగరువాళ్లు. మాత్ర అయిపోతే తెచ్చుకునే దారి లేదు. కషాయంతో ఒళ్లు తేలికైందని ఒకాయన టీబీ మాత్రలు మానేశాడట. దగ్గు తిరగబెట్టాక మళ్లీ మొదలుపెట్టించడానికి ఆమె ఎన్నిసార్లు ఆ గడప తొక్కిందో. “ఆకు తప్పు కాదు సార్. మాత్ర తప్పూ కాదు. ఒగటి తాగితే ఇంగోటి వద్దనుకుంటారే, ఆడ వస్తుంది చిక్కు.”

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కణ్ణించి కుప్పం దారి. ఏనుగులు తిరిగే కౌండిన్య అడవి ఈ పక్కనే. బస్సులో నా పక్కాయన ఏనుగులు తోటలు తొక్కిన కథలు చెబుతుంటే కిటికీ మీంచి చూపు మరల్చలేకపోయాను. ఒక్కటీ కనబడలేదు. బైరెడ్డిపల్లె పేరు వినబడగానే నాకు ఏనుగులు పోయి ఉమ్మెత్తకాయ గుర్తొచ్చింది.

2020 ఏప్రిల్ మొదట్లో, లాక్‌డౌన్ ఇంకా కొత్తగా ఉన్నప్పుడు, ఈ బైరెడ్డిపల్లె మండలంలోనే రెండు కుటుంబాలవాళ్లు పది మంది దాకా, పిల్లలతో సహా, ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. టిక్‌టాక్‌లో చూశారట. ఉమ్మెత్తకాయ గుండ్రంగా, చుట్టూ ముళ్లతో, టీవీలో చూపించే కరోనా బొమ్మలా ఉంటుంది కాబట్టి దానికి ఇదే విరుగుడన్నారు. అదృష్టం బాగుండి బతికి బయటపడ్డారు. నాకు అంతుపట్టనిది ఒకటే. ఉమ్మెత్త విషమని తెలియని పల్లె ఉంటుందా? మేకలు కూడా ముట్టవు. నా పక్కాయనను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, “తెలుసు సామీ. కానీ అవ్వ చెప్తే ఎందుకని ఎదురడుగుతాం. ఫోన్ను ఎట్ల అడిగేది?” అన్నాడు. నాటువైద్యాన్ని తిట్టడానికి చాలామంది ఈ సంఘటనే ఎత్తుతారు. నాకు మాత్రం ఇది నాటువైద్యం చేసిన పనిగా కనిపించలేదు. ఆకు తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆ పూట ఉండి ఉంటే గింజ రోట్లో పడేది కాదు.

కుప్పంలో దిగాక చాలాసేపు నేనేం భాష వింటున్నానో తేలలేదు. తెలుగులో మొదలైన మాట తమిళంలోకి జారుతుంది, ధర చెప్పేటప్పుడు కన్నడం తగులుతుంది. ఒక అడుగు ఇటు వేస్తే కర్ణాటక, అటు వేస్తే తమిళనాడు. 1997లో ద్రవిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ పెట్టడం సరైన పనే. సంతలో రోజూ జరిగేదే అక్కడ తరగతిలో జరుగుతుంది. మా కాకినాడలో పక్క రాష్ట్రం భాష వినాలంటే రైలెక్కాలి.

నాటుమందుల కొట్టు బజారులో ఇరుగ్గా, చీకటిగా ఉంది. గోనెల్లో వేళ్లు, డబ్బాల్లో కాయలు, పైన దండలుగా కట్టిన తీగలు. మదనపల్లెలో కషాయమంటే తిప్పతీగ, ఇక్కడ ‘కబసుర’. తమిళుల సిద్ధవైద్యంలోది, పదిహేను సరుకుల పొడి: సొంఠి, పిప్పళ్లు, లవంగం, కరక్కాయ, అడ్డసరం, నేలవేము, తుంగముస్త, తిప్పతీగ ఇత్యాదులు. 2020 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వమే పంచిపెట్టడం మొదలుపెట్టింది. అటువైపు చుట్టాలున్న కుప్పంవాళ్లు తెప్పించుకున్నారు. చెక్‌పోస్టు దగ్గర మనుషులను ఆపారు గానీ పొట్లాలు ఎలాగో వచ్చేశాయని కొట్టాయన నవ్వాడు. క్వారీల్లో రాయి కొట్టే కూలీలు పొట్లం కొనలేక చిటికెలకు కొనుక్కునేవాళ్లట. చిటికెడు పొడికి ఎంత తీసుకునేవారని అడిగితే జవాబు చెప్పకుండా గోనె సర్దుకున్నాడు.

కృష్ణపట్నం కథా ఈయన దగ్గరే విన్నాను. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చిన నాటుమందుకు జనం వేలల్లో పోగయ్యారు కదా. ఆక్సిజన్ పడక దొరకని రోజులవి. దొరికే ఆశ ఎక్కడున్నా మనిషి పోతాడు. వీళ్లు నలుగురు కలిసి కారు మాట్లాడుకుని వెళ్లేసరికి పంపిణీ ఆపేశారు. నెలాఖరున ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతావి ఇవ్వొచ్చంది, అప్పటికి వీళ్లు తిరిగొచ్చేశారు. “మందు దొరకలే. కరోనా మాత్రం ఆ గుంపులో దొరికింటాది” అన్నాడు. కారులో వెళ్లినవాళ్లలో ఇద్దరికి వారం తిరక్కుండా జ్వరమొచ్చింది.

తిప్పతీగ కొనబోతే ఆయనే ఒక పాఠం చెప్పాడు. కాండం మీద పొర కాగితంలా ఊడిరావాలి, ఆకు తమలపాకు ఆకారంలో ఉండాలి. ఒళ్లంతా బొడిపెలుంటే అది వేరే తీగ, ముట్టొద్దు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ఒక పత్రం రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది బొడిపెల తీగ అయ్యుంటుందంది. ఈ వాదన గురించి కొట్టాయన వినలేదు. తీగలను వేరుగా పెట్టడం మాత్రం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. నేను పొట్లం కట్టించుకుంటుంటే ఆపి, “రోజూ ఏమన్నా మాత్రలు వేసుకుంటారా?” అని అడిగాడు. కొరియర్‌లో వచ్చిన ఏ పొట్లమూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

మీరు వెళ్తే వానాకాలం మొదట్లో వెళ్లండి; మదనపల్లె గాలి అప్పుడే బాగుంటుంది, పొదలు పచ్చగా ఉంటాయి. ఏ ఇంట్లో లోటా ఇచ్చినా కాదనకుండా తాగండి, సంగటి మాత్రం నమలకండి. ఇంటికి తీగ తెచ్చుకుంటే దాన్ని ఎరిగినవాళ్ల దగ్గరే తెచ్చుకోండి. మీ ఇంట్లో టీబీ మాత్రలు వాడేవాళ్లుంటే ఆ మాత్రల భారమే కాలేయం మీద చాలా ఉంటుంది. డాక్టరుకు చెప్పకుండా వాళ్లకు ఏ కషాయమూ పట్టకండి, కషాయం తాగుతున్నారు కదా అని మాత్ర మాననివ్వకండి.